పాటైనా ఫైలైనా నెట్‌లో పెట్టే ముందు: కాపీరైట్ సరిచూసుకునే పద్ధతి

"డబ్బు పెట్టి కొనుక్కున్నాను, నా పాట నేను పంచుకుంటే తప్పేముంది?" కాపీరైట్ మాట ఎక్కడ వచ్చినా మొదట వినిపించే ప్రశ్న ఇది. తిరకాసంతా ఆ "నా పాట" దగ్గరే ఉంది. మీరు కొన్నది పాట వినే అనుమతి. సీడీ కొన్నవాళ్లు దాన్ని మరొకరికి అమ్మేయొచ్చు, ఎందుకంటే చేతులు మారేది ఆ ఒక్క సీడీయే. ఫైల్ అలా చేతులు మారదు. పంపిన ప్రతిసారీ అవతల కొత్త ప్రతి పుడుతుంది. కొన్న పాటల ఫైళ్లను సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకునే వీలు కల్పిస్తామని అమెరికాలో రీడిజి అనే సంస్థ బయలుదేరింది. క్యాపిటల్ రికార్డ్స్ దావా వేసింది. ఫైల్‌ను బదిలీ చేయడమంటే కొత్త ప్రతి తయారుచేయడమేనని 2018లో అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటి ఏడాది ఐరోపా సమాఖ్య న్యాయస్థానం కూడా వాడిన ఈ-బుక్స్ అమ్మకానికి అడ్డు చెప్పింది.

అందుకే ఏ ఫైల్ విషయంలోనైనా వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: నేను చేయబోయే ఈ పనికి అనుమతి ఎవరిచ్చారు? కింది మెట్లన్నీ దానికి జవాబు వెతికే దారులే.

మొదలుపెట్టే ముందు రెండు సంగతులు. కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో, అంటే ప్రపంచంలో దాదాపు అన్ని చోట్లా, రాసిన క్షణం నుంచే, రికార్డు చేసిన క్షణం నుంచే హక్కు పుట్టేస్తుంది. ఫైల్ మీద కాపీరైట్ గుర్తు లేదంటే హక్కు లేదని కాదు. రెండోది, చట్టం దేశానికొక తీరుగా ఉంటుంది. మీరున్న దేశం, హక్కుదారున్న దేశం, సైట్ నడిచే దేశం వేరువేరైతే మూడింటి చట్టాలూ మీ మీదికి రావచ్చు. డబ్బు, వ్యాపారం ముడిపడిన వ్యవహారమైతే లాయర్‌ను కలవాల్సిందే. ఈ వ్యాసం ఆ పని చేయదు.

మొదటి మెట్టు: ఆ ఫైల్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ఒక ఎంపీ3 ఫైల్ మనకు ఒక్క వస్తువులా కనిపిస్తుంది. చట్టం కంటికి అది పొరలు పొరలుగా ఉంటుంది. సాహిత్యం గీత రచయితది. బాణీ స్వరకర్తది. ఆ రెంటినీ పాడించి, వాయించి, రికార్డు చేసిన శబ్దం నిర్మాతది లేదా మ్యూజిక్ లేబుల్‌ది. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు ప్రదర్శకుల హక్కులు విడిగా ఉంటాయి. గాయకులకు, లేబుళ్లకు, ప్రసార సంస్థలకు ఇలా వేరే హక్కులుండాలని అంతర్జాతీయంగా ఒప్పుకున్నది 1961 నాటి రోమ్ ఒప్పందంలో. కవర్ బొమ్మ గీసినవారు మరొకరు. వీడియో అయితే దృశ్యం హక్కులు ఇంకొకరివి, సబ్‌టైటిల్స్ రాసినవారి అనువాద హక్కు వేరొకరిది.

ఈ పొరలు అన్నీ ఒకేసారి చచ్చిపోవు, అన్నీ ఒకేసారి పుట్టవు. అన్నమయ్య కీర్తననే తీసుకోండి. ఆయన కన్నుమూసింది 1503లో, సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు. అక్కడితో ఆగిపోయి "అన్నమయ్యే కదా, అందరిదీ" అనుకుంటాం. కానీ ఇవాళ మనం వింటున్న బాణీల్లో చాలావాటిని కట్టింది 20వ శతాబ్దపు విద్వాంసులు. వారిలో ఒకరైన రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ 1979లో మరణించారు. భారత చట్టం ప్రకారం, అంటే కర్త మరణించాక 60 ఏళ్లని లెక్కేస్తే, ఆయన కట్టిన బాణీల కాపీరైట్ గడువు 2039 చివరిదాకా ఉంటుంది. ఆ బాణీలో నిన్న ఎవరో పాడి రికార్డు చేశారనుకోండి, ఆ రికార్డింగ్ గడువు నిన్ననే మొదలైనట్టు. సాహిత్యం ఐదు శతాబ్దాల నాటిది, బాణీ తాతల నాటిది, శబ్దం నిన్నటిది. ఫైల్‌ను యథాతథంగా అప్‌లోడ్ చేస్తే మూడింటినీ కదిలించినట్టే.

కవర్ సాంగ్ పాడేవాళ్లు ఇక్కడే పడతారు. గొంతు మీదే, నిజమే. రికార్డింగ్ కూడా మీదే. సాహిత్యం, బాణీ మాత్రం మీవి కావు. వెనకాల వేసుకున్న కరోకే ట్రాక్ కూడా ఎవరో ఒకరు తయారుచేసిన రికార్డింగే. వీడియో వేదికలు కొన్ని పాటల విషయంలో హక్కుదారులతో ముందే ఒప్పందం చేసుకుని కవర్లను ఉండనిస్తాయి, ప్రకటనల డబ్బు హక్కుదారుకు పంపుతాయి. అది ఆ వేదిక గోడల మధ్య నడిచే ఏర్పాటు. అదే ఫైల్‌ను మీ సైట్లో డౌన్‌లోడ్‌కు పెడితే ఆ ఏర్పాటు మీ వెంట రాదు.

ఎవరిదో తెలుసుకోవడానికి ఆల్బమ్ వెనక అట్ట చూడండి. వలయంలో "సి" ఉంటే అది అక్షరాలు, బొమ్మల వంటివాటి కాపీరైట్. వలయంలో "పి" ఉంటే అది శబ్దగ్రహణం మీద హక్కు. పక్కన సంవత్సరం, యజమాని పేరు ఉంటాయి. స్ట్రీమింగ్ యాప్‌లలో ఇవే వివరాలు ఆల్బమ్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి. విడుదలైన రికార్డింగ్‌కు సాధారణంగా ఐఎస్‌ఆర్‌సి అనే పన్నెండు అక్షరాల కోడ్ ఉంటుంది. ఒకే పాటకు నాలుగు రికార్డింగులుంటే నాలుగు కోడ్‌లు. లేబుల్‌కు ఉత్తరం రాసేటప్పుడు ఇది చేతిలో ఉంటే సగం పని అయినట్టే.

రెండో మెట్టు: మీరు చేయబోతున్న పని ఏమిటో పేరు పెట్టండి

"షేర్ చేస్తున్నా" అనే మాట కింద పది రకాల పనులు దాక్కుంటాయి. స్ట్రీమింగ్ యాప్ నుంచి పాట లింకు పంపడం ఒకటి. పాట ఫైల్‌ను స్నేహితునికి పంపడం ఒకటి. రెండు వేలమంది ఉన్న టెలిగ్రామ్ గ్రూపులో ఆల్బమంతా పెట్టడం ఇంకొకటి. చట్టం ఒక్కోదాన్ని ఒక్కో తీరుగా చూస్తుంది.

అధికారికంగా ఉన్న చోటికి లింకు ఇవ్వడం అన్నిటికన్నా భద్రం. వినాలనుకున్నవాళ్లు అక్కడికే వెళ్తారు, హక్కుదారుకు రావాల్సింది వస్తుంది. నా మటుకు, పాట వినిపించడమే మీ ఉద్దేశమైతే ఇక ఈ వ్యాసం చదవక్కర్లేదు, లింకు పంపి ఊరుకోండి. అయితే దొంగ ప్రతికి లింకు ఇచ్చి "ఫైల్ నాది కాదు, లింకే కదా" అంటే కుదరదు. లాభం కోసం అలాంటి లింకులిచ్చేవారికి అది అక్రమ ప్రతి అని తెలిసే ఉంటుందని భావించవచ్చని ఐరోపా న్యాయస్థానం 2016లో చెప్పింది. అంతకు ముందే, పాటల ఫైళ్లు పంచుకునే నాప్‌స్టర్ అనే సేవ తన సర్వర్లలో పాటలు దాచలేదు, ఏ పాట ఎవరి కంప్యూటర్లో ఉందో చూపించే జాబితా మాత్రమే నడిపింది. 2001లో అమెరికా అప్పీలు కోర్టు ముందు ఆ వాదన నిలబడలేదు.

ఫైల్‌ను క్లౌడ్ డ్రైవ్‌లో పెట్టుకోవడం వరకూ అది మీ దాచుకునే చోటు. "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని సెట్టింగ్ మార్చి ఆ లింకును నలుగురిలో వేసిన క్షణంలో పని స్వభావమే మారిపోతుంది. ఎవరికి వారు, తమకు నచ్చిన చోటి నుంచి, నచ్చిన వేళ అందుకునేలా పెట్టే హక్కు కూడా కర్తదేనని 1996లో జెనీవాలో కుదిరిన వైపో ఒప్పందాలు చెప్తాయి. వైపో అంటే ప్రపంచ మేధోసంపత్తి సంస్థ. ఎంతమంది నిజంగా డౌన్‌లోడ్ చేశారు అన్నది ఆ తర్వాతి లెక్క.

ఒకే ఫైల్ కావాలనుకునేవాళ్లంతా గుంపుగా చేరి ముక్కలు ముక్కలుగా ఇచ్చిపుచ్చుకునే టోరెంట్ విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మీరు డౌన్‌లోడ్ చేస్తున్నానని అనుకుంటూ ఉంటారు. మీ దగ్గరికి చేరిన ముక్కలను ఆ సాఫ్ట్‌వేర్ అదే సమయంలో వేరేవాళ్లకు పంపుతూ ఉంటుంది, ఆ పద్ధతి పనిచేసేదే అలా. ఆ ముక్కలు విడిగా వినడానికి పనికిరాకపోయినా సరే, అది ప్రజలకు అందుబాటులో పెట్టడమేనని ఐరోపా న్యాయస్థానం 2021లో స్పష్టం చేసింది. పైగా ఆ గుంపులో ఉన్న ప్రతి ఒక్కరి ఐపీ అడ్రస్ మిగతావాళ్లకు కనబడుతుంది. హక్కుదారుల మనుషులూ ఆ గుంపులోనే ఉండొచ్చు. టోరెంట్ అనే సాంకేతికతలో తప్పేం లేదు, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అలాగే అందుతుంది. చూడాల్సింది లోపలి సరుకును.

సొంత వాడకానికి ప్రతి తీసుకోవడం? భారత చట్టంలో 52వ సెక్షన్ కింద, కంప్యూటర్ ప్రోగ్రాములు మినహా, వ్యక్తిగత వాడకానికి న్యాయమైన మేరకు వెసులుబాటు ఉంది. బ్రిటన్ 2014 అక్టోబరులో ఇలాంటి మినహాయింపు తెచ్చింది, 2015 జూలైలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఐరోపాలో పలు దేశాలు ఖాళీ డిస్కుల మీద, పరికరాల మీద సుంకం వసూలు చేసి కళాకారులకు పంచుతాయి, బదులుగా సొంత ప్రతులను అనుమతిస్తాయి. ఎక్కడైనా ఒక మాట మాత్రం మారదు: సొంత వాడకం అన్నది మీ దగ్గరే ఉన్నంతవరకే. డిజిటల్ తాళం పగలగొట్టి ప్రతి తీస్తే అది విడిగా మరో నేరం కావచ్చు, అమెరికా 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టంలోనూ భారత చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్‌లోనూ ఆ సంగతి ఉంది.

దొరికితే ఏమవుతుందన్నదీ తెలిసి ఉండాలి. అమెరికాలో హక్కుదారు తన నష్టం ఎంతో రుజువు చేయకుండానే ఒక్కో కృతికి 750 నుంచి 30,000 డాలర్ల వరకు, తెలిసి చేశారని తేలితే 1,50,000 డాలర్ల వరకు కోర్టు ఇప్పించవచ్చు. లెక్క పాటకొకటి అని గుర్తుంచుకోండి. భారత్‌లో తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. వ్యాపార లాభం కోసం కానప్పుడు తగిన కారణాలు చూపి కోర్టు తగ్గించవచ్చు.

మూడో మెట్టు: గడువు తీరిందేమో చూడండి

గడువు తీరితే ఆ పొర పబ్లిక్ డొమైన్‌లోకి వస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు. బెర్న్ ఒప్పందం కనీసంగా పెట్టిన గడువు కర్త మరణానంతరం 50 ఏళ్లు. భారత్ 60 ఇస్తుంది, ఐరోపా సమాఖ్య 70. లెక్క మరణించిన తేదీ నుంచి కాదు, తర్వాతి జనవరి 1 నుంచి. 1960లో చనిపోయిన ఫ్రెంచి రచయిత పుస్తకం భారత్‌లో 2021 జనవరి 1న స్వేచ్ఛ పొందితే, ఫ్రాన్స్‌లో మామూలు లెక్కన 2031 దాకా ఆగాలి. ఇద్దరు కలిసి రాస్తే చివరగా పోయినవారి తేదీయే లెక్క.

రికార్డింగుల గడువు మనిషి ఆయుష్షుతో ముడిపడదు. భారత్‌లో ప్రచురించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు, ఐరోపాలో 70. అమెరికాది విడ్డూరమైన కథ. 1972 ఫిబ్రవరికి ముందు రికార్డింగులు అక్కడ జాతీయ కాపీరైట్ చట్టం కిందికే రాలేదు. 2018లో చట్టం మార్చాక, 1923కు ముందు ప్రచురించినవి 2022 జనవరి 1న ఒక్కసారిగా విడుదలయ్యాయి. 1923 నుంచి 1946 వరకూ వచ్చినవి ఇప్పుడు నూరేళ్లు నిండాక ఏటా ఒక సంవత్సరం చొప్పున బయటికొస్తున్నాయి.

పాత పుస్తకాల స్కాన్‌లు పెట్టేవాళ్లకు ఒక జాగ్రత్త. మూలం పాతదైనా కొత్త ముద్రణలోని పీఠిక, వ్యాఖ్యానం, బొమ్మలు కొత్తవి. వీలైతే పాత ముద్రణనే స్కాన్ చేయండి.

నాలుగో మెట్టు: లైసెన్స్ చదవండి, పూర్తిగా చదవండి

గడువు తీరకపోయినా హక్కుదారే ముందుగా అనుమతి ఇచ్చి ఉండొచ్చు. ఇక్కడ మాటలు మోసం చేస్తాయి. "ఉచిత డౌన్‌లోడ్" అంటే మీరు దించుకోవడానికి ఉచితం, మళ్లీ పంచడానికి కాదు. "రాయల్టీ ఫ్రీ" అంటే ఒకసారి చెల్లించాక వాడిన ప్రతిసారీ చెల్లించక్కర్లేదని సాధారణంగా అర్థం. "నో కాపీరైట్ మ్యూజిక్" అని పేరు పెట్టుకున్న చానళ్లలో పాటకు చాలాసార్లు కాపీరైట్ భేషుగ్గా ఉంటుంది, వాడుకోవడానికి షరతులు వివరణ పెట్టెలో రాసి ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే తంతు. కోడ్ బహిరంగంగా కనబడుతోంది, లైసెన్స్ ఫైల్ మాత్రం లేదు అంటే హక్కులన్నీ రాసినవారి దగ్గరే ఉన్నాయని అర్థం.

స్పష్టంగా ఉండేవి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. 2002 చివర్లో మొదటివి వచ్చాయి, ఇప్పుడు వాడుకలో ఉన్న 4.0 వెర్షన్ 2013 నాటిది. నాలుగు ముక్కలు తెలిస్తే చాలు. "బై" అంటే పేరు చెప్పాలి. "ఎన్‌సి" అంటే వ్యాపారానికి వాడకూడదు. "ఎన్‌డి" అంటే మార్చిన రూపాన్ని పంచకూడదు. "ఎస్‌ఏ" అంటే మీరు మార్చి తయారుచేసినదాన్ని కూడా ఇదే లైసెన్స్ కింద వదలాలి. ఇవి కలిసి ఆరు లైసెన్సులయ్యాయి. "సీసీ జీరో" వీటికి వెలుపలిది, హక్కులన్నీ వదులుకున్నానని ప్రకటించడం.

వీడియోలు చేసేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఎన్‌డి దగ్గర. "పాటను నేను ఒక్క సెకను కూడా కత్తిరించలేదు, మొత్తం వేశాను, మార్చినట్టెలా అవుతుంది?" అంటారు. లైసెన్స్ పాఠంలోనే ఉంది: సంగీతాన్ని కదిలే దృశ్యానికి జతచేస్తే అది ఎప్పుడూ మార్పు కిందికే వస్తుంది. కాబట్టి ఎన్‌డి పాట వీడియో నేపథ్యానికి పనికిరాదు. ఎస్‌ఏ పాట వాడితే వీడియోను కూడా ఎస్‌ఏ కింద వదలాలి. ఇది తెలియక మంచి మనసుతో ఉల్లంఘించేవాళ్లే ఎక్కువ. అదృష్టం ఏమిటంటే 4.0 లైసెన్సుల్లో, పొరపాటు తెలిసిన 30 రోజుల్లోగా సరిదిద్దుకుంటే అనుమతి దానంతటదే తిరిగి వస్తుంది.

పేరు చెప్పడమంటే "క్రెడిట్స్ యజమానికి" అని రాయడం కాదు. ఇలా రాయండి:

సంగీతం: (పాట పేరు), (కళాకారుని పేరు). మూలం: (అసలు పేజీ లింకు). లైసెన్స్: సీసీ బై 4.0 (లైసెన్స్ లింకు). మొదటి 40 సెకన్లు తీసేశాను.

ఇంకో చిక్కు, లైసెన్స్ తగిలించినవారు అసలు హక్కుదారులేనా అన్నది. సినిమా పాటను ఎవరో అప్‌లోడ్ చేసి పక్కన సీసీ బై అని టిక్కు పెడితే అది సీసీ బై అయిపోదు. లేని హక్కును ఎవరూ ఇవ్వలేరు. అప్‌లోడ్ చేసినవారి మిగతా పనులు చూడండి, పాటను వేరేచోట వెతకండి. నమ్మకం కుదిరితే ఆ పేజీ స్క్రీన్‌షాట్‌ను తేదీతో సహా దాచుకోండి. క్రియేటివ్ కామన్స్ అనుమతిని ఇచ్చినవారు వెనక్కి తీసుకోలేరు, కానీ పేజీ మారిపోతే అనుమతి ఉండేదని చూపించాల్సింది మీరే.

ఐదో మెట్టు: మినహాయింపు వర్తిస్తుందా

ముందుగా ఒక పుకారు సంగతి తేల్చేద్దాం. "పది సెకన్లు వాడొచ్చు", "ముప్పై సెకన్లు దాటకపోతే పట్టుకోరు" అనే నియమం అమెరికా చట్టంలోనూ లేదు, భారత చట్టంలోనూ లేదు. "ఉల్లంఘన ఉద్దేశం లేదు" అని వివరణలో రాస్తే రక్షణ రాదు. నిజానికి అది అవతలి లాయర్‌కు ఉపకారం, ఇది ఇతరుల సొత్తని మీకు తెలుసని మీరే రాసిచ్చారు.

అనుమతి లేకపోయినా వాడుకోనిచ్చే మినహాయింపును అమెరికాలో ఫెయిర్ యూస్ అంటారు, అది నాలుగు విషయాలు తూచి చూస్తుంది: వాడకం ఉద్దేశం, మూలకృతి స్వభావం, తీసుకున్న పరిమాణం, దాని మార్కెట్ మీద పడే ప్రభావం. భారత్, బ్రిటన్ వంటి చోట్ల ఫెయిర్ డీలింగ్ అంటారు, అక్కడ విమర్శ, సమీక్ష, వార్తలు వంటి ప్రయోజనాలను చట్టమే పేర్కొంటుంది. పనికొచ్చే పరీక్ష ఏమిటంటే, ఆ ముక్క తీసేస్తే మీ మాట కూలిపోతుందా? ఒక పాట చరణంలో స్వరకర్త రాగం ఎలా మార్చారో వివరిస్తూ ఆ చరణం వినిపిస్తే, అది లేకుండా విశ్లేషణే లేదు. ప్రయాణం వీడియో వెనక అదే చరణం మోగిస్తే, అది కేవలం అలంకారం. మొదటిదానికి వాదన ఉంది, రెండోదానికి లేదు.

ఆరో మెట్టు: అడగండి

మొదటి మెట్టులో తేలిన పేర్లు ఇక్కడ పనికొస్తాయి. రికార్డింగ్‌కు లేబుల్‌ను, సాహిత్యం బాణీలకు పబ్లిషర్‌ను లేదా హక్కుల సంఘాన్ని అడగాలి. ఉత్తరం చిన్నదిగా, ఖచ్చితంగా ఉండాలి:

"మీ (ఆల్బమ్ పేరు)లోని (పాట పేరు), ఐఎస్‌ఆర్‌సి (కోడ్), 0:40 నుంచి 1:25 వరకు ఉన్న భాగాన్ని ఎనిమిది నిమిషాల డాక్యుమెంటరీలో నేపథ్యంగా వాడుకోదలిచాను. నెట్‌లో ఉచితంగా పెడతాను, ప్రకటనలు ఉండవు. అనుమతి, రుసుము, పేరు వేయాల్సిన తీరు తెలియజేయగలరు."

స్వతంత్ర కళాకారులు తరచుగా ఒప్పుకుంటారు, రాతపూర్వకంగా తీసుకోండి. పెద్ద లేబుళ్లు జవాబే ఇవ్వకపోవచ్చు. జవాబు రాలేదంటే అనుమతి లేదనే.

ఏడో మెట్టు: నోటీసు వస్తే

"కాపీరైట్ పడింది" అని అందరూ ఒకే మాట అంటారు గానీ అందులో రెండు రకాలున్నాయి. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ క్లెయిమ్ అంటే యంత్రం పాటను గుర్తుపట్టింది. సాధారణంగా వీడియో ఉంటుంది, డబ్బు అటు పోతుంది, చానల్‌కు మచ్చ పడదు. స్ట్రైక్ అంటే హక్కుదారు చట్టబద్ధంగా తీయించారు. అది 90 రోజులుంటుంది, మూడు కలిస్తే చానల్ పోతుంది.

నోటీసు న్యాయమైనదైతే తీసేయడమే మేలు. మీ దగ్గర లైసెన్స్ ఉంటే, లేదా అది గట్టి సమీక్ష అయితే, ఎదురు చెప్పొచ్చు. డీఎంసీఏ కింద కౌంటర్ నోటీసు ఇస్తే, అవతలివారు దావా వేయని పక్షంలో 10 నుంచి 14 పనిదినాల్లో ఫైల్ తిరిగి వస్తుంది. కానీ అందులో మీ అసలు పేరు, చిరునామా ఇవ్వాలి, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒప్పుకోవాలి, అమెరికా కోర్టు పరిధికి తలొగ్గాలి. కోపంలో నొక్కాల్సిన బటన్ కాదది. భారత చట్టంలో ఫిర్యాదు అందాక వేదిక 21 రోజులు లేదా కోర్టు ఉత్తర్వు అందేవరకు ఆపి ఉంచుతుంది, ఆలోగా ఉత్తర్వు రాకపోతే తిరిగి తెరవొచ్చు. ఇక డబ్బు పంపకపోతే కేసు వేస్తామంటూ మెయిల్ వస్తే, ఏ కృతి, హక్కుదారు ఎవరు, ఏ లింకు అన్న మూడూ అందులో ఉన్నాయో లేదో చూసి, హక్కుదారును నేరుగా సంప్రదించి నిర్ధారించుకోకుండా పైసా పంపకండి.

మీ పాటనే ఎవరో ఎత్తుకెళ్తే నోటీసు పంపాల్సింది మీరు. అక్కడా తొందర పనికిరాదు. అమెరికాలో ఒక తల్లి, వెనక పాట మోగుతుంటే తన పసివాడు గంతులేస్తున్న 29 సెకన్ల వీడియోను 2007లో పెట్టింది. ఆ పాట పబ్లిషర్ దాన్ని తీయించింది, ఆ తల్లి కోర్టుకెక్కింది. నోటీసు పంపే ముందు అది ఫెయిర్ యూస్ కావచ్చా అని హక్కుదారు ఆలోచించి తీరాలని 2015లో అప్పీలు కోర్టు చెప్పింది. కాబట్టి మీ అసలు ప్రాజెక్ట్ ఫైల్, తొలి విడుదల తేదీ, అవతలివారి లింకు, ఏ సెకను నుంచి ఏ సెకను వరకు వాడారో రాసుకుని, అది సమీక్షో పేరడీయో కాదని చూసుకున్నాకే ఆ ఫారం నింపండి.